అంతుచిక్కని జబ్బును గుర్తించడంలో సాఫ్ట్‌వేర్ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

ఆదోని వాసి:
మా అక్క కొడుకుకు పద్నాలుగేళ్లు. ఏడాదిగా కుడిచేయి వణుకుతోంది, గుండ్రంగా ఉండే చేతివ్రాత కోడిగీతలైంది, మాట ముద్దగా వస్తోంది. ఒక వైద్యుడు రక్తహీనత అన్నారు, మరొకరు మానసిక ఒత్తిడి అన్నారు. చివరికి, లక్షణాలను బట్టి జబ్బును సూచించే ఒక సాఫ్ట్‌వేర్‌లో “వణుకు, నీరసం, చదువులో వెనుకబాటు” అని నమోదు చేయగా థైరాయిడ్ మొదలుకొని చాంతాడంత జాబితా చూపింది. దానిని వైద్యుని ముందు పెట్టవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

కడప సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు 2008లో వెలువరించిన హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ అనే లక్షణాల పదకోశం, అరుదైన జన్యు వ్యాధులను వెదికే అనేక సాఫ్ట్‌వేర్లకు ఆధారం. దానిపై నిర్మించిన ఫినోమైజర్ అనే సాఫ్ట్‌వేర్, వందల జబ్బుల్లో కనిపించే లక్షణానికి తక్కువ విలువను, కొద్దిపాటి జబ్బుల్లోనే కనిపించేదానికి ఎక్కువ విలువను ఇస్తుంది. ఆ లెక్కన “నీరసం” అని రాయడం దాదాపు ఏమీ రాయకపోవడమే. చేతివ్రాత చెడిందనీ, మాట ముద్దగా వస్తోందనీ మీరు ఇక్కడ చెప్పారు గానీ అక్కడ రాయలేదు.

కర్నూలు వైద్యుడు:
జాబితాను నిస్సంకోచంగా తీసుకువెళ్లండి. నొచ్చుకునే వైద్యులు లేకపోలేదు, అది వారి సమస్య. ముందుగా రెండు విషయాలు చెప్పండి: బాబుకు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా? తల్లిదండ్రులది మేనరికమా?

ఆదోని వాసి:
ఎనిమిదో ఏట కామెర్లు వచ్చాయి, పసరు పోయించాక తగ్గాయి. మా అక్కను సొంత మేనమామకే ఇచ్చారు. బాబుకు ఒక చెల్లెలు ఉంది, ఆమె ఆరోగ్యంగానే ఉంది.

కర్నూలు వైద్యుడు:
బాబును చూడకుండా ఇదేనని నేను చెప్పలేను గానీ, ఈ వివరాలతో విల్సన్ వ్యాధిని తప్పక అనుమానించాలి. ఏటీపీ7బీ అనే జన్యువులో లోపం వల్ల కాలేయం అదనపు రాగిని పైత్యరసంలోకి పంపలేకపోతుంది. అది మొదట కాలేయంలో, తరువాత మెదడులో పేరుకుంటుంది. లోపమున్న జన్యువు తల్లి నుండీ తండ్రి నుండీ కూడా వస్తేనే ఈ జబ్బు కలుగుతుంది కనుక, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సీమలో ఆ ప్రశ్న అడగకుండా ఏ జాబితానూ నమ్మకూడదు.

నిర్ధారణకు పరీక్షలే శరణ్యం. కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో నల్లగుడ్డు అంచున, రాగి పేరుకోవడం వల్ల ఏర్పడే కైజర్-ఫ్లైషర్ వలయం ఉందేమో చూస్తారు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను, 24 గంటల మూత్రంలో రాగిని కొలుస్తారు. వ్యాధి అదే అయితే పెనిసిలమైన్, జింకు వంటి మందులు జీవితాంతం వాడాలి; ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. అప్పుడు చెల్లెలికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి, కాబట్టి లక్షణాలు లేకపోయినా ఆమెకూ పరీక్ష తప్పనిసరి. జన్యు పరీక్ష అవసరమైతే హైదరాబాదులోని నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగాన్ని సంప్రదించవచ్చు.

మూత్రాన్ని మాత్రం ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టండి. ఇంట్లోని పాత్రకు ఏమాత్రం లోహం అంటుకుని ఉన్నా రాగి లెక్క తప్పుతుంది.