పాత రూపు రేడియో సొంతంగా కడితే లోపల ఏముండాలి: వాల్వా, మూడు కాళ్ల ఐసీనా, సూపర్‌హెట్టా?

చెక్కపెట్టె14
పద్నాలుగు అంగుళాల చెక్కపెట్టె, ముందు గుడ్డ కట్టిన 6 అంగుళాల స్పీకరు, తాడుతో కదిలే ముల్లు ఉన్న డయలు. బయటి రూపు మీద తగాదా లేదు, తగాదా అంతా లోపల ఏం పెట్టాలన్న దానిమీదే. ఊరు గుంటూరు. వినాల్సింది ముఖ్యంగా విజయవాడ 837 కిలోహెర్ట్జ్, రాత్రిపూట హైదరాబాద్ 738, విశాఖ 927. సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, ఆసిలోస్కోపు లేదు. వాల్వు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టం) లేకపోతే అది పాతకాలపు రేడియోనే కాదని కొందరు, మొదటి సెట్టుకే వాల్వు పెట్టమనడం నేరమని కొందరు అంటున్నారు. కారణాలతో సహా చెప్పండి.

ఈసీఎల్82
నా ఓటు వాల్వుకే. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీఎల్82 ఈ మూడూ చాలు. మిక్సరు, ఐఎఫ్ (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ దశ), డిటెక్టరు, ఔట్‌పుట్ అన్నీ అందులోనే అయిపోతాయి. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు అక్కర్లేదు, 1ఎన్4007 డయోడ్లు నాలుగు చాలు. హీటర్లు (వాల్వును లోపల వేడిచేసే తీగలు) 6.3 వోల్టుల దగ్గర 0.3, 0.3, 0.78 ఆంపియర్లు, మొత్తం 1.38. పాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దొరక్కపోతే 230/6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీసుకోండి. మొదటిది 5 ఆంపియర్లది. దాని 6 వోల్టుల మీదే హీటర్లు నడుస్తాయి. రెండోదాన్ని తిరగేసి అదే 6 వోల్టులకు తగిలిస్తే అటువైపు 190–200 వోల్టుల ఏసీ వస్తుంది. రెక్టిఫై చేసి ఫిల్టర్ చేశాక లోడు మీద 230–250 డీసీ నిలుస్తుంది, మెయిన్స్‌తో సంబంధం ఉండదు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో మాత్రం జాగ్రత్త. 230/9 ట్రాన్స్‌ఫార్మర్‌కి 8 ఓముల స్పీకరు తగిలిస్తే అటువైపు 5.2 కే (కిలో ఓములు) కనిపిస్తుంది, ఈసీఎల్82కి లెక్క సరిపోతుంది. కానీ దాంట్లోంచి 35 మిల్లీఆంపియర్ల పైచిలుకు డీసీ పారుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ, ఐ రేకులు ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి, గ్యాప్ ఉండదు. కోరు అయస్కాంతత్వంతో నిండిపోయి బేస్ పోతుంది, గొంతు చిట్లుతుంది. రేకులు ఊడదీసి ఈలన్నీ ఒకవైపు, ఐలన్నీ ఇంకోవైపు పేర్చి మధ్యలో పల్చటి కాగితం పెడితే బాగుపడుతుంది.

బ్లీడర్220కే
పై పోస్టులో ప్రతి అంకె సరైనదే, మొదటి సెట్టుకు మాత్రం ప్రతి అంకె ప్రమాదమే. 250 వోల్టుల డీసీ, 47 మైక్రోఫారడ్ల ఫిల్టర్ కండెన్సరు. స్విచ్ ఆపాక కూడా అది చార్జి పట్టుకునే ఉంటుంది. దానికి అడ్డంగా 220 కే, 1 వాట్ రెసిస్టరు శాశ్వతంగా వేయాలి. అప్పుడు కూడా చార్జి దిగడానికి దాదాపు నిమిషం పడుతుంది. మీటరు పెట్టి చూసుకోకుండా చెయ్యి పెట్టకూడదు.

ఇంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. "వాల్వు సెట్టు కట్టు" అనగానే చాలామంది పాత ఏసీ/డీసీ సెట్టు ఒకటి కొని విప్పుతారు. అందులో యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85 ఉంటాయి. ఇవి 100 మిల్లీఆంపియర్ల హీటర్లు, వరసగా కలిపి ఉంటాయి. 19, 19, 50, 38 కూడితే 126 వోల్టులు. 230లో మిగిలిన 104 వోల్టులు పెద్ద డ్రాపర్ రెసిస్టరు తింటుంది, అదే 10 వాట్ల పైన వేడి. ట్రాన్స్‌ఫార్మర్ లేనే లేదు. మెయిన్స్ తీగల్లో ఒకటి సరాసరి ఛాసిస్‌కే (లోహపు చట్రానికే) తగులుతుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజే. నాబు ఊడితే కనబడే చిన్న స్క్రూ కూడా ఫేజే. అలాంటిదానికి ఎర్త్ తీగ, బయటి ఏరియల్ తగిలించారంటే ఇక చెప్పక్కర్లేదు. 230/230 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాని జోలికి పోవద్దు.

కోఠీగల్లీ
అన్నా, ఇంత లొల్లి ఎందుకు? కోఠీ గుజరాతీ గల్లీల టీఏ7642 అనే రేడియో ఐసీ అడుగు, మూడు కాళ్ల ట్రాన్సిస్టర్ లెక్క ఉంటది. 1970లల్ల ఫెరాంటి తెచ్చిన జెడ్ఎన్414కి తమ్ముడే ఇది. 1.3 వోల్టులు చాలు, కరెంటు అర మిల్లీఆంపియర్ కూడ తాగది.

సామాన్లు: 10 మిల్లీమీటర్ల మందం ఫెర్రైట్ రాడ్, ట్రాన్సిస్టర్ సెట్లల్ల వచ్చే పీవీసీ గ్యాంగు, అంటే స్టేషన్ మార్చే కండెన్సర్ (140 పీఎఫ్, పికోఫారడ్లు, ఉన్న పక్క), 100 కే, 10 నానోఫారడ్, 0.1 మైక్రోఫారడ్, 680 ఓమ్. 9 వోల్టుల నుంచి 2.2 కే వేసి, రెండు 1ఎన్4148లు వరసగ కింద వేస్తే 1.3 వోల్టులు తయారు. వెనక స్పీకర్ కోసం ఎల్ఎం386 యాంప్లిఫయర్ ఐసీ.

కొత్తోళ్లు ఒక్క కాడనే ఆగమైతరు. కాయిల్ ఒక కొస ఐసీ ఇన్‌పుట్ కాలుకు, రెండో కొస నేరుగ ఎర్త్‌కు కలుపుతరు. తప్పు. రెండో కొస 10 నానోఫారడ్ మీదికెళ్లి ఎర్త్‌కు పోవాలె, అదే జాయింటుకు ఔట్‌పుట్ నుంచి 100 కే రావాలె. ఐసీకి బయాస్ (నడవనీకె కావలసిన వోల్టేజీ) వచ్చేది ఆ తొవ్వలనే. ఎర్త్‌కు కొట్టినవంటే ఐసీ మంచిదైనా సప్పుడు రాదు.

చుట్లు 90–100 వెయ్యి, రాడ్ మీద జరిగే కాగితం గొట్టం మీద చుట్టు. గొట్టాన్ని రాడ్ నడుమకు జరిపితే ఇండక్టెన్స్ పెరుగుతది, కొసకు జరిపితే తగ్గుతది. పై కొస స్టేషన్లు డయల్‌కు అందకుంటే రెండు మూడు చుట్లు విప్పు. ఈల కొడుతుంటే 1.3 వోల్టులు 1.5 దాటిందేమో చూడు, లేకుంటే ఔట్‌పుట్ తీగ కాయిల్ పక్కకెళ్లి పోతుందేమో చూడు.

ఐఎఫ్455
టీఏ7642 బొమ్మగా బాగుంటుంది. గుంటూరులో మాత్రం 927 వినిపించదు. లెక్క వేద్దాం. ట్యూన్ అయ్యేది ఒకే ఒక్క సర్క్యూటు. దాని క్యూ (స్టేషన్లను విడదీసే పదును) 100 అనుకున్నా, 927 మీద పెట్టినప్పుడు 837ని వోల్టేజీలో సుమారు 20 రెట్లే అణచగలదు. విజయవాడ పక్కనే ఉంది. దూరపు స్టేషను కన్నా అది వంద రెట్లు బలంగా వస్తుంటే, అణిచాక కూడా ఐదు రెట్లు పైనే ఉంటుంది. డయలు ఎటు తిప్పినా ఒకటే వార్తలు.

అందుకే సూపర్‌హెట్, అంటే ఏ స్టేషనునైనా లోపలి ఆసిలేటరుతో కలిపి 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్‌కు మార్చి అక్కడ వడగట్టే సెట్టు. ఆరేడు ట్రాన్సిస్టర్ల కిట్టు తీసుకోండి. ఎర్ర కోరు ఆసిలేటరు, పసుపు, తెలుపు, నలుపు ఐఎఫ్‌టీలు (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు). పీవీసీ గ్యాంగులో ఒక భాగం 140 పీఎఫ్, ఇంకోటి 60 ఎందుకో తెలిస్తే సగం పని అయినట్టే. ఏరియల్ వైపు 531 నుంచి 1602 దాకా మూడు రెట్లు తిరగాలి. ఆసిలేటరు 986 నుంచి 2057 దాకా, అంటే రెండు రెట్లే. ఈ రెండు భాగాలూ తారుమారుగా కలిపితే డయలు ఒక మూలే పలుకుతుంది.

అలైన్‌మెంటుకు, అంటే ఈ సర్క్యూట్లను డయలుతో సరిచేయడానికి, స్కోపు అక్కర్లేదు. డయలు కింది కొసలో, 600 దగ్గర తెలిసిన స్టేషను పెట్టి ఎర్ర కోరు తిప్పండి, రాడ్ మీద కాయిల్ జరపండి. పై కొసలో, 1400 దగ్గర గ్యాంగు వెనకున్న ట్రిమ్మర్లు తిప్పండి. మళ్లీ కింద, మళ్లీ పైన. ఒకటి కదిపితే రెండోది కొంచెం పోతుంది, మూడు నాలుగు విడతల్లో నిలుస్తుంది. కోర్లు తిప్పడానికి ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు. ట్యూనింగ్ మారిపోతుంది, పైగా ఫెర్రైటు చిట్లుతుంది. వెదురు పుల్ల చెక్కుకోండి.

ఈసీఎల్82
ప్లాస్టిక్ గ్యాంగు, కిట్టు బోర్డు తెచ్చి టేకు పెట్టెలో పెట్టి పాత రేడియో అంటే ఎలాగండీ? పెట్టె వెనక మూత తీస్తే ఏం కనబడాలి?

టిక్లర్
మీరంతా వాల్వు అనగానే 250 వోల్టులు, లేదంటే ట్రాన్సిస్టరు అన్నట్టు మాట్లాడుతున్నారు. మధ్యలో దారి ఉంది, మొదటి సెట్టుకు అదే సరైనది: బ్యాటరీ వాల్వుతో రీజనరేటివ్ సెట్టు, అంటే వాల్వు ఔట్‌పుట్‌లో కొంత తిరిగి ఇన్‌పుట్‌కే ఇచ్చి బలం పెంచేది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1912లో కనిపెట్టిన పద్ధతి, సూపర్‌హెట్ కన్నా ఆరేళ్లు ముందుది. పాతకాలపుదంటే ఇంతకన్నా పాతది ఏం కావాలి?

వాల్వు 1టీ4, యూరప్ పేరు డీఎఫ్91. ఫిలమెంటు 1.4 వోల్టులు, 50 మిల్లీఆంపియర్లు, ఒక్క పెద్ద సెల్లు చాలు. కొత్త సెల్లు 1.6 దాకా ఇస్తుంది కాబట్టి వరసలో 3.3 ఓములు వేయండి. హెచ్‌టీకి (ప్లేటుకిచ్చే ఎక్కువ వోల్టేజీకి) 9 వోల్టుల బ్యాటరీలు ఐదు, 45 వోల్టులు. ఒళ్లు పొడిగా ఉంటే ఇది ప్రాణం మీదికి రాదు. ఫిలమెంటు మీదికి మాత్రం వస్తుంది. 45 వోల్టుల తీగ పొరపాటున 7వ కాలుకు తగిలిందా, వాల్వు అక్కడికక్కడే సరి. అందుకని హెచ్‌టీ ప్లస్‌లో 4.7 కే శాశ్వతంగా పెట్టండి. ఎక్కడ షార్టయినా 10 మిల్లీఆంపియర్లు దాటదు. వాల్వు తాగేది ఒక మిల్లీఆంపియర్ లోపే గనక నష్టం ఏమీ లేదు.

కాయిల్: 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, 26 గేజ్ ఎనామెల్ తీగ. గాలి గ్యాంగు 365 పీఎఫ్ అయితే పక్కపక్కన 60 చుట్లు, 240 మైక్రోహెన్రీలు వస్తాయి, 540 దగ్గర మొదలై పైదంతా అందుతుంది. పాత వాల్వు సెట్ల 500 పీఎఫ్ గ్యాంగు అయితే 48 చుట్లు చాలు. కింది కొస నుంచి 6 మిల్లీమీటర్ల ఎడంలో టిక్లర్ (ఔట్‌పుట్‌ను వెనక్కి ఇచ్చే కాయిల్) 18 చుట్లు. ఏరియల్ కోసం అటు చివర ఇంకో 6 చుట్లు.

కాయిల్ పై కొస నుంచి 100 పీఎఫ్ మీదుగా గ్రిడ్‌కు, అంటే 6వ కాలుకు. గ్రిడ్ నుంచి 2.2 మెగ్ ఓముల రెసిస్టరు ఫిలమెంటు ప్లస్‌కు. ప్లేటు, అంటే 2వ కాలు, టిక్లర్‌లోకి. టిక్లర్ రెండో కొస నుంచి 330 పీఎఫ్ ఎర్త్‌కు, అక్కడి నుంచే 2.5 మిల్లీహెన్రీ చోక్ మీదుగా 47 కే లోడుకు. స్క్రీను 3వ కాలు. దానికి 100 కే పాట్ (నాబుతో తిప్పే రెసిస్టరు) నడిమి కాలు, అక్కడే 0.1 మైక్రోఫారడ్ ఎర్త్‌కు. ఈ పాటే మీ రియాక్షన్ నాబు, వెనక్కి ఇచ్చేది ఎంతో దీంతోనే సర్దాలి. పాట్ 45 వోల్టులకు అడ్డంగా ఉంటుంది కాబట్టి స్విచ్ హెచ్‌టీని కూడా కట్ చేసే డబుల్ పోల్‌దై ఉండాలి, లేకపోతే సెట్టు ఆపినా బ్యాటరీలు కారిపోతూనే ఉంటాయి.

పాట్ పెంచుతూ పోతే ఒకచోట ‘టక్’మని గరగర పెరిగి, స్టేషన్ల మీద ఈల మొదలవుతుంది. దానికి వెంట్రుకవాసి ముందు ఆపాలి. అక్కడ కాయిల్ క్యూ వందల్లోకి ఎక్కుతుంది, ఐఎఫ్455 గారు లెక్కేసిన 20 రెట్లు అక్కడ లెక్కే మారిపోతుంది. ఎంత తిప్పినా ఈల రాకపోతే టిక్లర్ రెండు కొసలు తారుమారు చేయండి, నూటికి తొంభై అదే. 1400 దగ్గర ఈల వచ్చి 600 దగ్గర రాకపోతే టిక్లర్‌కు మూడు చుట్లు కలపండి. ఈల ఒక్కసారిగా ఎక్కి, పాట్ చాలా వెనక్కి తిప్పితే గాని దిగకపోతే చుట్లు ఎక్కువైనట్టు, తగ్గించండి. డయల్లో ఒక్కచోటే ఈల ఆగిపోతుంటే ఏరియల్ కాయిల్‌కు మరీ బిగువుగా జతపడిందన్నమాట. 6 చుట్ల కాయిల్‌కు ముందు 22 పీఎఫ్ వేయండి.

ఐఎఫ్455
క్యూ పెరిగితే పక్క స్టేషను తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ క్యూ 400 అంటే 837 దగ్గర బ్యాండ్‌విడ్త్ 2 కిలోహెర్ట్జే. పాట మూగబోతుంది, ‘స’, ‘ష’ మాయమవుతాయి. వార్తలకు సరే, కచేరీకి కాదు. పైగా స్టేషను మార్చినప్పుడల్లా రెండు నాబులు తిప్పాలి. ఇంట్లో మిగతావాళ్లు వాడగలరా?

టిక్లర్
విజయవాడ వినేటప్పుడు రియాక్షన్ పూర్తిగా తగ్గించేయండి, బలమైన స్టేషను కాబట్టి పాట నిండుగానే వస్తుంది. దూరపువాటికే నాబు పని. రెండు నాబుల మాట నిజమే. అది ఇష్టం లేనివాళ్లు సూపర్‌హెట్టే కట్టుకోవాలి.

కోఠీగల్లీ
స్పీకర్ ఎట్ల మోగుతది? 1టీ4 ఒక్కటే అయితే చెవికి పెట్టుకునుడే గదా. వెనక ఎల్ఎం386 పెడుతవు. మరి నా ఐసీని ఎందుకు తిట్టినట్టు?

టిక్లర్
తిట్టలేదన్నా! ఎల్ఎం386కి విడిగా 9 వోల్టుల బ్యాటరీ ఇవ్వాలి, 45లోంచి తీసుకోకూడదు. దాని 6వ కాలు దగ్గరే 470 మైక్రోఫారడ్లు, 5వ కాలు నుంచి 10 ఓములు, 0.047 మైక్రోఫారడ్ వరసగా ఎర్త్‌కు. ఇవి లేకపోతే గట్టిగా పెట్టినప్పుడల్లా పడవ మోటారులా టుకటుకమంటుంది. ఐసీ వద్దనుకునేవాళ్లు 3ఎస్4 వాల్వు కలపవచ్చు. ఫిలమెంటు ఇంకో 100 మిల్లీఆంపియర్లు, హెచ్‌టీ 67 నుంచి 90 వోల్టులు కావాలి. అక్కడ బ్లీడర్ గారి హెచ్చరిక మళ్లీ మొదలవుతుంది.

పాట్100కే
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. ఎస్ఐ4825, ఎస్ఐ4844 లాంటి డీఎస్పీ చిప్పులు (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి నడిపేవి) పాట్‌తోనే ట్యూన్ అవుతాయి. పాట్ షాఫ్టుకు డ్రమ్ము, డ్రమ్ముకు తాడు, తాడుకు ముల్లు. చేతికి పాత రేడియోలాగే ఉంటుంది, అలైన్‌మెంటు లేదు, 927 విడిగా వస్తుంది.

ఈసీఎల్82
దానికన్నా బ్లూటూత్ స్పీకరు నయం, కనీసం నటించదు.

బ్లీడర్220కే
వాదన పక్కన పెట్టి ఒకటి చెబుతాను. లోపల ఏది పెట్టినా అపార్ట్‌మెంట్‌లో శత్రువు ఒకటే: ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు. మీడియం వేవ్ మొత్తం గరగర. ఏదీ కొనకముందే మామూలు ట్రాన్సిస్టర్ సెట్టుతో, పెట్టె పెట్టబోయే చోటే, మూడు స్టేషన్లూ ఏ వేళల్లో వస్తున్నాయో చూసుకోండి. ఫెర్రైట్ రాడ్ అడ్డంగా తిప్పుతూ పోతే ఒక దిక్కులో గరగర పడిపోతుంది. విజయవాడను అణచడానికీ అదే ఉపాయం, రాడ్ కొస స్టేషను వైపు చూస్తే ఆ స్టేషను సన్నబడుతుంది. చెక్కపెట్టె లోపల బిగించేసిన కాయిల్‌కు ఈ వెసులుబాటు ఉండదు. రాడ్‌ను తిరిగే మేకు మీద పెట్టి, దాని నాబు పక్కకు తీయండి.

చెక్కపెట్టె14
1టీ4తోనే మొదలుపెడతాను, సూపర్‌హెట్ తర్వాతి పెట్టెకు. ఒక సందేహం: చెక్క ముందు పలక మీద గ్యాంగు బిగిస్తే, చెయ్యి దగ్గరికి తెచ్చినప్పుడల్లా స్టేషను జరుగుతుందంటారు కదా?

టిక్లర్
జరుగుతుంది. పలక లోపలివైపు అంతా అల్యూమినియం రేకు బిగించి ఎర్త్‌కు కలపండి. గ్యాంగు ఫ్రేము, కదిలే రేకులు ఎర్త్ వైపు, కదలని రేకులు గ్రిడ్ వైపు ఉండాలి. తిరగేస్తే నాబు షాఫ్టే గ్రిడ్డవుతుంది, రేకు పెట్టినా లాభం ఉండదు. కాయిల్‌ను మాత్రం ఆ రేకుకు కనీసం 6 సెంటీమీటర్లు ఎడంగా పెట్టండి, దగ్గరైతే ఇండక్టెన్స్ తగ్గి డయలు కింది కొస 540 కన్నా పైకి పోతుంది.