రేటు తగ్గిన పేరున్న ద్వీపమా, కాలం కలిసొచ్చే మరో ద్వీపమా?

నీలికెరటం:
మాకు సెలవులు జులైలోనే దొరుకుతాయి. మావారు మాల్దీవుల్లో ఒక రిసార్టు చూశారు. అప్పుడు అక్కడ వానల కాలం కాబట్టి సీజన్‌లో ఉండే ధరకు దాదాపు సగానికే గది వస్తోంది, ఇలాంటి అవకాశం మళ్లీ రాదంటున్నారు. అదే డబ్బుతో ఆ నెలలో ఎండ కాసే మరో ద్వీపానికి వెళ్దామని నా వాదన. మాతో ఈత వచ్చిన ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వస్తారు. మీరైతే ఏది ఎంచుకుంటారు?

లెక్కలపద్దు:
గది ధర చూసి ఖర్చు తేల్చుకోవద్దమ్మా. మాల్దీవుల్లో చాలా రిసార్టులు ఒక్కొక్కటీ ఒక్కో ద్వీపాన్ని పూర్తిగా ఆక్రమించి ఉంటాయి. ఒకసారి దిగాక భోజనం, మంచినీళ్లు, పడవ షికారు, అన్నీ వాళ్ల దగ్గరే కొనాలి. బయట అంగడి అంటూ ఉండదు. పైగా విమానాశ్రయం నుంచి రిసార్టుకు స్పీడ్‌బోటో నీటిపై వాలే చిన్న విమానమైన సీప్లేనో ఎక్కాలి. ఐదుగురికి రానూపోనూ ఆ ఛార్జీ లెక్కేయండి, మీకు కనిపిస్తున్న తగ్గింపులో చాలా భాగం దానికే పోవచ్చు. సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే పరిసరాల్లో బస చేయాలి, దానికి వేరే బిల్లు. సేవా రుసుము, పన్నులు, తలకు రాత్రికి ఇంత అని వేసే పర్యావరణ పన్ను చివరి పేజీలో గానీ కనపడవు.

మాల్దీవులే కావాలంటే మాఫుషి లాంటి జనావాస ద్వీపాల్లో అతిథి గృహాలున్నాయి, ప్రయాణికుల పడవలు తిరుగుతాయి, ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ మద్యం నిషేధం, ఈత దుస్తులు కేటాయించిన తీరంలోనే వేసుకోవాలి. మీ కుటుంబానికి ఇవేవీ ఇబ్బంది కాకపోవచ్చు.

పగడాలబాట:
లెక్కలపద్దు గారి లెక్క సరైనదే. కానీ జులైని పనికిరాని నెలగా తీసిపారేయడాన్ని నేను ఒప్పుకోను. నైరుతి గాలులు వీచే ఈ నెలల్లోనే బా అటోల్ అనే పగడపు దీవుల వలయానికి తూర్పు అంచున ఉన్న హనిఫారు ఖాతంలో ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవరాశి పోగుపడుతుంది. దాని కోసం మాంటా రేలు అనే పెద్ద బల్లపరుపు చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి. నోళ్లు బార్లా తెరుచుకుని ఒకదాని వెనుక ఒకటి గుండ్రంగా తిరుగుతూ మేస్తాయి. అక్కడ స్కూబా డైవింగ్‌కు అనుమతి లేదు, స్నార్కెల్ అనే గాలి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ చూడాలి. అంటే ఈత వచ్చిన పిల్లలకు అందుబాటులో ఉన్నదే. బా అటోల్‌ను 2011లో యునెస్కో జీవావరణ రిజర్వుగా గుర్తించింది. జనవరిలో వెళ్లినవారికి అద్దంలాంటి నీళ్లు దొరుకుతాయి, హనిఫారులో ఈ సందడి మాత్రం దొరకదు. మంచి సీజన్ ఏదన్నది మీరు దేనికోసం వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫొటోలో సముద్రం నీలంగా రావడం ఒక్కటే సెలవు కాదు కదా.

తీరవాసి:
మాంటాల మాట నిజమే. అయితే అవి ఫలానా రోజున వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముసురు పట్టి మూడు రోజులు వదలకపోతే ఆ చిన్న ద్వీపంలో గదిలో కూర్చోవడం తప్ప మార్గం ఉండదు. పెద్ద ద్వీపానికి ఉన్న బలం ఇదే: ఒక వైపు వాన పడితే రెండో వైపు వెళ్లవచ్చు.

నీలికెరటం గారూ, పేరూ ధరా పక్కన పెట్టి, మీరు వెళ్లే నెలలో గాలి ఎటు నుంచి వీస్తుందో ముందు చూడండి. ఒకే దేశంలో కూడా కాలం ఒక్కటి కాదు. థాయిలాండ్‌లో పడమటి తీరాన ఉన్న ఫుకెట్‌కు మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. తూర్పున ఉన్న కో సముయికి భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జులైలో ఫుకెట్ తీరాల్లో ఈత వద్దని హెచ్చరించే ఎర్ర జెండాలు ఎగురుతుంటే సముయి వైపు సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. శ్రీలంకలోనూ అంతే. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి తీరం తడుస్తుంది, తూర్పున ట్రింకోమలీ వైపు పొడిగా ఉంటుంది. కొలంబో వాతావరణం చూసి దేశమంతా వానే అనుకునేవారు ఎందరో.

నీలికెరటం:
ఇది మాకు తట్టనే లేదు, కృతజ్ఞతలు. తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ దీవి కూడా జులైలో పొడిగా ఉంటుందని చదివాను. అక్కడి తూర్పు తీరంలో ఒక హోటల్ మాకు అందుబాటులోనే ఉంది.

తీరవాసి:
పొడిగా ఉండే మాట నిజమే. కానీ అక్కడ మీ సెలవును నడిపించేది పోటూ పాటూ. పాజే, జంబియాని తీరాల్లో పాటు వచ్చినప్పుడు నీళ్లు వందల మీటర్లు వెనక్కి పోతాయి. ఉదయం తలుపు తీస్తే సముద్రం బదులు తడి ఇసుక, సముద్రపు నాచు సాగు కోసం పాతిన కర్రలు, వాటి మధ్య వంగి పనిచేసే స్త్రీలు కనిపిస్తారు. చూడముచ్చటైన దృశ్యమే, నాకు చాలా ఇష్టం కూడా. అయితే ఈత కోసం పోటు వచ్చేదాకా ఆగాలి, ఆ సమయం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సముద్రపు ముళ్లజీవులు ఉంటాయి కాబట్టి చెప్పుల్లేకుండా దిగకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారు అంత దూరం గుంటల్లో నడవలేరు. ఎప్పుడంటే అప్పుడు నీళ్లు కావాలంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా చూడండి.

లెక్కలపద్దు:
ఒక మాట చేర్చాలి. జాంజిబార్‌కూ బాలీకీ జులై మంచి సీజనే, కాబట్టి ధరలూ పైనే ఉంటాయి. తగ్గింపూ ఎండా రెండూ కావాలంటే మారిషస్ పరిశీలించండి. జులై అక్కడ శీతకాలం. తుపానుల నెలలు కావు, వానలు తక్కువ. ఆగ్నేయ గాలి తూర్పు, దక్షిణ తీరాలను తాకుతుంది. అందుకే పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, వాయవ్యాన త్రూ ఓ బిష్ వైపు గది తీసుకోవాలి. విమానాశ్రయం నుంచి కారులోనే గుమ్మం దాకా వెళ్లవచ్చు, పడవ ఎక్కే పని లేదు. మీ అత్తగారి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

పగడాలబాట:
జులైలో మారిషస్ నీళ్లు చల్లగా ఉంటాయి, 23 డిగ్రీల దగ్గర. పిల్లలు గంటసేపు ఉంటే వణుకుతారు. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం.

లెక్కలపద్దు:
చలి ఆపే పలుచని ఈత సూటు అద్దెకు దొరుకుతుంది. ఐదుగురి సీప్లేన్ ఛార్జీ ముందు అదెంత?

నీలికెరటం:
పిల్లలు మాంటాల మాట వినగానే మావారి పక్షం చేరిపోయారు. అత్తగారు మాత్రం సీప్లేన్ నిచ్చెన ఎక్కలేనని తేల్చి చెప్పారు.

తీరవాసి:
అయితే డబ్బు కట్టకముందే ఆ రిసార్టుకు ఉత్తరం రాయండి. స్పీడ్‌బోటులో చేరగలమా, అలలు ఎక్కువైతే పడవ ఆపేస్తారా, ఆపేస్తే ఆ రాత్రి బస ఖర్చు ఎవరిది, హనిఫారుకు వాళ్ల పడవ వెళ్తుందా అని అడగండి. తగ్గింపు ధరకు తీసుకున్న గదిని రద్దు చేస్తే చాలాచోట్ల డబ్బు వెనక్కి రాదు, ఆ షరతును కూడా రాతపూర్వకంగా తెప్పించుకోండి. అదే ప్రశ్నలు మారిషస్ హోటల్‌కూ పంపి, రెండు జవాబులూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.