అల్లిక గ్రూపులో బ్యాడ్జ్ ఎవరికి ఇవ్వాలి? సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లో మేం పద్నాలుగు మంది ఆదివారాలు సంజీవయ్య పార్కులో కూర్చుని క్రోషియా అల్లుకుంటాం. ఈమధ్య గుడ్డ బ్యాడ్జ్‌లు కుట్టించాం. మొదలుపెట్టినది పూర్తి చేసినవాళ్లకే ఇద్దామని నేనే అన్నాను. జనరల్ బజార్‌లో ఊలు కొనేసి, నాలుగు వరసలు అల్లి సంచిలో పడేసే అలవాటు మాలో చాలామందికి ఉంది. అది పోతుందని నా ఆశ.

కానీ మా గ్రూపులో ఒక పెద్దావిడ ఉన్నారు. వేళ్ల కీళ్లనొప్పులతో ఆవిడ శాలువా ఏడాదిగా సగంలోనే ఉంది. గొలుసు కుట్టు నుంచి మాకు అన్నీ నేర్పింది ఆవిడే. వరస తప్పితే ఎక్కడిదాకా విప్పాలో చూడగానే చెప్పేస్తారు. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి మాత్రం ఒక్క సాయంత్రంలో టీ కప్పు కింద వేసే చిన్న చక్రం అల్లేసింది. రూల్ ప్రకారం బ్యాడ్జ్ ఆ అమ్మాయికే. ఇది నాకు మింగుడుపడటం లేదు.

స్కౌట్స్‌లో పని వచ్చో రాదో పరీక్షించి బ్యాడ్జ్ ఇస్తారు. మేమూ కుట్లు చూసి ఇవ్వాలా? నేర్పినవాళ్లకు వేరే బ్యాడ్జ్ పెడితే జాలిపడి ఇచ్చినట్టు ఉంటుందా? మీ గ్రూపుల్లో ఎలా చేస్తున్నారు? వచ్చే ఆదివారమే పంచాలి, టెన్షన్‌గా ఉంది.