వయసు పెరిగితే పాట మీద మోజు తగ్గుతుందా, మారుతుందా? (వైజాగ్‌లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు చెప్పండి)

సీతమ్మధార_శ్రుతి:
చాలా రోజులుగా అడగాలనుకుంటున్న విషయం. నేను కర్ణాటక సంగీతం పాడతాను, పిల్లలకి చెబుతాను. ముప్పైల్లో ఉన్నప్పుడు కళాభారతి ఆడిటోరియంలో పాడే అవకాశం వచ్చిందంటే ఇక వేరే ధ్యాస ఉండేది కాదు. ఇప్పుడు యాభై దాటాయి. పిలిస్తే వెళ్తాను గానీ ఆ తహతహ లేదు. దానికి బదులు ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక పల్లవి కట్టుకోవాలని, ఒక్క పదం కుదిరేదాకా దాని దగ్గరే ఉండిపోవాలని అనిపిస్తోంది.

గొంతు మారిన మాట నిజమే. ఐదున్నర శ్రుతి నుంచి నాలుగున్నరకి దిగాను. ఆడవాళ్లకి ఈ వయసులో స్వరం కిందికి రావడం మామూలే, స్వరతంత్రులు మారతాయి, ఊపిరి నిలవదు. కానీ కారణం అదొక్కటే అనుకోను. ఎస్.జానకి గారు 2017లో మైసూరులో పాడి వేదికకి సెలవు చెప్పారు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారు 1997లో భర్త పోయాక కచేరీలు మానేశారు. అటు అమెరికా గాయకుడు బిల్లీ జోయెల్ 1993 తర్వాత కొత్త పాప్ పాటల ఆల్బమ్ తేలేదు, కానీ న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 2014 నుంచి 2024 దాకా, కోవిడ్ విరామం తప్పిస్తే, నెలకో కచేరీ చేశాడు. ఆయనకి రాయడం మీద మనసు పోయి పాడటం మీద మిగిలింది, నాది దానికి ఉల్టా. మీకెలా ఉంది?

పెందుర్తి_తబలా:
నాకైతే ఏం తగ్గలేదు మేడమ్. మోకాళ్లు సహకరించక స్టాండు మీద పెట్టుకుని వాయిస్తున్నాను, అంతే తేడా.

డాల్ఫిన్‌నోస్:
ఒక సవరణ. బిల్లీ జోయెల్ 2024 ఫిబ్రవరిలో కొత్త పాట విడుదల చేశాడు. కాబట్టి రాయడం మానేశాడనడం సరికాదు.

ఉక్కు_గళం:
మేడమ్, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అంటూ నిద్రే సరిగ్గా లేదు, ఇక పాటెక్కడిది? రిటైరయ్యాకే నాకు సంగీతం మొదలైంది. ఇప్పుడు ప్రతి ఆదివారం మా మిత్రులం ఒక హాల్లో చేరి కరోకే ట్రాకుల (గొంతు లేకుండా వాద్యం మాత్రమే ఉన్న రికార్డుల) మీద పాడుకుంటాం. ఒక్కొక్కరు వారమంతా ఒక పాట పట్టుకుని సాధన చేసి వస్తారు. నేను సొంతంగా భక్తి గీతాలు కూడా రాస్తున్నాను. ఇరవై ఏళ్లప్పుడు ఉన్న మోజు కంటే ఇప్పుడున్నది ఎక్కువ, గట్టిది కూడా.

వయసు పెరిగితే తగ్గుతుందనేవాళ్లు మన చుట్టూ ఉన్నవాళ్లని చూడాలి. అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 2021 నవంబర్‌లో 66 ఏళ్లకి పోయారు. ఆయన చివరి రోజుల్లో రాసిన పాటలున్న సినిమా 'శ్యామ్ సింగరాయ్' ఆ తర్వాత నెలలో విడుదలైంది. వేటూరి గారు 74 ఏళ్లకి పోయేదాకా రాస్తూనే ఉన్నారు. మన షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారు జుట్టు నెరిశాక కూడా గజ్జె కట్టి పాడారు. వీళ్లలో ఎవరికి తగ్గింది?

బీచ్‌రోడ్_బ్యాండ్:
మంచి థ్రెడ్. నాకు 26. నా భయం ఏంటంటే, ఇప్పుడు మా బ్యాండ్‌లో రాసే పాటలన్నీ కోపంతోనో ప్రేమతోనో వచ్చేవే. పెళ్లి, ఈఎంఐలు వచ్చాక ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? నలభై దాటినవాళ్లు ప్రేమ పాట రాస్తే అది గుర్తు తెచ్చుకుని రాసినట్టే ఉంటుంది కదా.

ఉక్కు_గళం:
బాబూ, 2020 సంక్రాంతికి ఊరూరా మోగిన ప్రేమ పాట 'సామజవరగమన' సీతారామశాస్త్రి గారు అరవై నాలుగేళ్ల వయసులో రాసింది. గుర్తు తెచ్చుకుని రాస్తే అలా రాయాలి.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నాను. మేడమ్ అడిగింది పాట బతుకుగా ఉన్నవాళ్ల గురించి. దానికి ఆదివారం కరోకే తెచ్చి పెట్టడం ఏటండీ? కరోకే పాడటం వేదిక మీద పాడటం ఒకటి కాదు.

నేను ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్ రెండూ వాయించాను. వినాయక చవితి పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర మాసం ప్రోగ్రాములు. వయసైన గాయకుడు చరణం చివర ఊపిరి అందక ఒక్క క్షణం ఆగితే నేను చూసి ఇంకో ఆవర్తం (తాళం ఒక చుట్టు) లాగుతాను. ఆయన తేరుకుని నా వైపు తల ఊపితే అప్పుడు పల్లవికి వస్తాం. వినేవాళ్లకి తెలియను కూడా తెలియదు. ట్రాక్ ఆగుతుందా? మీరు ఊపిరి పీల్చుకునేలోపు అది పల్లవిలోకి వెళ్లిపోతుంది, మీరు పరిగెత్తి పట్టుకోవాలి. దాన్ని పాడటం అనను.

ఉక్కు_గళం:
ఎందుకు అనరు? గొంతు నాది కాదా? శ్రుతి నేను కలపడం లేదా? ట్రాక్‌తో తాళం తప్పకుండా పాడటం ఇంకా కష్టం, ఎందుకంటే అది మీలా సర్దుకోదు. మీరే చెప్పారు.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
యాప్‌లో స్కేలు రెండు మెట్లు దించి పాడతారు, అందులో ఫ్లూట్ బొంగురుపోయి వినిపిస్తుంది, పైన ఎకో ఫుల్లు. అది శ్రుతి కలపడమా?

ఉక్కు_గళం:
స్కేలు దించడం తప్పయితే పైన మేడమ్ గారు కూడా ఐదున్నర నుంచి దిగారు. ఆవిడనీ అనండి.

సీతమ్మధార_శ్రుతి:
అయ్యా, నన్ను మధ్యలోకి లాగకండి. గొంతుకి తగ్గ శ్రుతిలో పాడటం మా పద్ధతిలో తప్పు కాదు, పాడాల్సిందే అలా. డాల్ఫిన్‌నోస్ గారూ, నేను అన్నది ఆల్బమ్ గురించి. ముప్పై ఏళ్లలో ఒకటీ అరా పాటలే వచ్చాయంటే ఆ కోరిక మునుపటిలా లేదనే అర్థం.

డాల్ఫిన్‌నోస్:
2001లో ఆయన రాసిన పియానో సంగీతం ఆల్బమ్‌గా వచ్చింది. మాటలు లేని సంగీతమైతే రాస్తూనే ఉన్నాడు. కాబట్టి పోయింది రాయాలన్న కోరిక కాదు, మాటలు రాయాలన్న కోరిక. ఈ రెండూ కలిపేయకండి.

సీతమ్మధార_శ్రుతి:
అది మాత్రం ఆలోచించాల్సిన మాట. నాకు వరస ఎప్పుడూ ముందే వచ్చేస్తుంది. మాట దగ్గరే ఆగుతాను. చిన్నప్పుడు ఏదో ఒక మాట వేసి పాడేసేదాన్ని, ఇప్పుడు వేయలేను.

కంచరపాలెం_కూతురు:
మా నాన్నగారి గురించి చెప్పొచ్చా. ఆయన రేడియోకి లలిత గీతాలు రాసేవారు. ఆ నోటు పుస్తకాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. ప్రతి పాట పక్కన పెన్సిల్‌తో రాగం పేరు, ఎవరు బాణీ కట్టారో, ఎవరు పాడారో రాసుకునేవారు. చివరి పుస్తకంలో సగం నుంచి పెన్సిల్ రాతలు లేవు, పాటలు మాత్రమే ఉన్నాయి. ఆ తర్వాత పాటలు కూడా లేవు. అందరూ వయసైపోయి మానేశారనుకున్నారు. మానేసింది బాణీ కట్టేవాళ్లు దొరక్క. బాణీ కట్టే ఆయన పోయారు, పాడే ఆవిడ పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. నాన్న ఎవరికిచ్చి పాడించుకుంటారు? రాసేవాడికి ఆసక్తి తగ్గింది అనే ముందు ఆయన చుట్టూ ఎవరు మిగిలారో చూడాలి.

పెందుర్తి_తబలా:
ఇది నిజం అమ్మా. ఆ పుస్తకాలు జాగ్రత్త చేయండి.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
ఈ అమ్మాయి చెప్పిందే నా గోల కూడా. మా బృందంలో గాయకులు, వాయించేవాళ్లు, సౌండ్ అబ్బాయి అందరం ఉండేవాళ్లం. ఇప్పుడు ఒక లాప్‌టాప్, రెండు మైకులు చాలు. నాకు తెలిసిన ఒక పెళ్లి వాళ్లు అడ్వాన్సు ఇచ్చి, వారం ముందు ఫోన్ చేసి, మా బంధువుల్లో రిటైరైనవాళ్లు బాగా పాడతారండీ, ట్రాకులు వాళ్లే తెచ్చుకుంటారు, డబ్బు కూడా అడగరు, మీరు వద్దులెండి అన్నారు. ఆ సీజన్ అయ్యాక కీబోర్డు అమ్మేశాను. నాకు మోజు తగ్గిందని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

ఉక్కు_గళం:
అంటే ఇప్పుడు నేను పాడటం వల్ల మీ పొట్ట కొడుతున్నానా? బాగుంది బాబూ. మా బావమరిది పెళ్లిలో మేం పాడుకోకూడదా?

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
నన్ను బాబూ అనకండి, నాకూ మనవడున్నాడు. నెల తిరిగేసరికి పెన్షన్ పడేవాడికి మోజు ఎందుకు తగ్గుతుంది?

ఉక్కు_గళం:
పెన్షనా? ఈపీఎస్-95 (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) కింద మాకొచ్చేది ఎంతో ముందు కనుక్కుని మాట్లాడండి. గవర్నమెంటు ఆఫీసు పెన్షన్ అనుకున్నారా? ఆ డబ్బుతో మందులు కూడా రావు. పెన్షన్ గురించి తెలియకుండా నోరు పారేసుకోవద్దు.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
మాకు ఆ ఈపీఎస్సూ లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. గొంతు పోయినా వేళ్లు వంకర్లు పోయినా అడిగే నాథుడు లేడు.

అడ్మిన్:
ఇద్దరూ కాస్త తగ్గండి. పెన్షన్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది.

ఉక్కు_గళం:
తగ్గను సార్, చెప్పనివ్వండి. ఇరవై రెండేళ్లప్పుడు నాకు పాడాలని పిచ్చి. పేటలో చవితి పందిట్లో ఒక ఆర్కెస్ట్రా వచ్చింది, పేరు చెప్పను. ఒక్క పాట పాడనివ్వండని అడిగాను. చూద్దాం కూర్చో అన్నారు. స్టేజీ పక్కన కూర్చున్నాను. వాళ్ల గాయకులు పాడారు, నిర్వాహకుడి మేనల్లుడు పాడాడు, ఎవరో కార్పొరేటర్ మనిషి పాడాడు. తెల్లవారుజామున వైర్లు చుట్టేస్తూ నన్ను లేవమన్నారు, నేను కూర్చుంది వాళ్ల స్పీకర్ పెట్టె మీద. ఆ రోజు తర్వాత దాదాపు నలభై ఏళ్లు నేను నలుగురి ముందు పాడలేదు. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేని మైకు దొరికింది. అది కూడా మీకు నచ్చలేదు.

బీచ్‌రోడ్_బ్యాండ్:
అంకుల్ 🙏

కంచరపాలెం_కూతురు:
ఇంతసేపూ వయసు గురించి కొట్టుకున్నారు గానీ మీ గొడవ వయసుది కాదేమో. ఒకరికి అప్పట్లో చోటు ఇవ్వలేదు, ఇంకొకరికి ఇప్పుడు చోటు పోయింది.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
అమ్మా, చోటు ఒక్కటే కాదు, డబ్బు. ఆ మాట ఎవరూ అనరు. కళాకారుడు డబ్బు గురించి మాట్లాడితే చిన్నబుచ్చుకుంటారు. సినిమాకి రాసేవాళ్లకైనా హక్కులన్నీ ఒకసారి రాసిచ్చేస్తే ఆ పాట ఎన్నిసార్లు మోగినా ఏమీ వచ్చేది కాదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాకే రాయల్టీలో వాటా వదులుకోనక్కర్లేని హక్కయింది. స్టేజీ మీద వాయించినవాడికి ఆపాటి కూడా చేతికి రాదు.

డాల్ఫిన్‌నోస్:
డబ్బు విషయంలో కెనడా గాయకుడు, పాటల రచయిత లియోనార్డ్ కోహెన్ సంగతి చూడండి. మేనేజర్ ఆయన దాచుకున్న సొమ్ములో చాలావరకు కాజేయడంతో 2008లో, డెబ్భై మూడేళ్ల వయసులో, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ టూర్లకి బయల్దేరాడు. డబ్బు కోసం వెళ్లినా కొన్నేళ్ల పాటు దేశాలు తిరిగి పాడుతూనే ఉన్నాడు. 2016 అక్టోబర్‌లో, 82 ఏళ్లకి, చివరి ఆల్బమ్ తెచ్చి నవంబర్‌లో పోయాడు. డబ్బు కోసం మొదలుపెడితే మోజు చచ్చిపోతుందనీ చెప్పలేం, డబ్బు లేకపోతేనే పోతుందనీ చెప్పలేం.

సీతమ్మధార_శ్రుతి:
డబ్బుంటే సరిపోయేదయితే ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1966లో టూర్లు ఎందుకు మానేశారు? వాళ్లకి అప్పుడు ముప్పై కూడా లేవు. జనం కేకల్లో వాళ్ల వాద్యం వాళ్లకే వినపడేది కాదు. స్టూడియోలో కూర్చుని పాటలు మాత్రం చేశారు. నాకు అది బాగా అర్థమవుతుంది. మొన్న ఒక సభలో నేను ఆలాపన చేస్తుంటే మొదటి వరసలో ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటున్నారు. రాగం ఎటు పోతోందో వినేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇంటికొచ్చి నా సాహిత్యం ముందు కూర్చుంటే అక్కడ కనీసం నేను వింటాను. రిథమ్‌ప్యాడ్ గారూ, మీరు కీబోర్డు అమ్మాక ఇంట్లో ఎప్పుడైనా వాయించాలనిపించిందా, డబ్బు సంగతి పక్కన పెట్టి?

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
రాత్రి పడుకున్నాక వేళ్లు మంచం పట్టె మీద కొట్టుకుంటూ ఉంటాయి మేడమ్, మా ఆవిడ విసుక్కుంటుంది. అలాగని ఒక్కడినీ కూర్చుని వాయించుకోలేను. పక్కన పాడేవాడు ఉండాలి.

ఉక్కు_గళం:
మరి వచ్చి మాకు వాయించండి. మా గ్రూపులో నెలకొక ఆదివారం ట్రాకులు లేకుండా లైవ్ పెట్టుకుందాం. నా భక్తి గీతాలకి వరసలు కూడా కావాలి. ఎంత తీసుకుంటారో చెప్పండి, తలా కొంచెం వేసుకుంటాం.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
కీబోర్డు అద్దెకి తేవాలి, అది మీదే. నాకు, తబలా ఆయన వస్తే ఆయనకి విడివిడిగా ఇవ్వాలి, భోజనం పెట్టి పంపించడం కుదరదు. ముందు రోజు రిహార్సల్ ఉండాలి, దానికీ డబ్బు ఇవ్వాలి. వరసలు కట్టడం వేరే లెక్క, పాట మీద నా పేరు ఉండాలి.

పెందుర్తి_తబలా:
నేను రెడీ. కుర్చీ కావాలి.

ఉక్కు_గళం:
అన్నీ ఓకే. రిహార్సల్‌కి మాత్రం డబ్బు ఎందుకండీ, అది మనందరం సరదాగా కలిసేదే కదా.

రిథమ్‌ప్యాడ్_గాజువాక:
మీకు సరదా సార్. నేను గాజువాక నుంచి కీబోర్డు ఆటోలో వేసుకుని రావాలి. రిహార్సల్‌కి డబ్బు ఇస్తానంటేనే ఫోన్ నంబరు మెసేజ్‌లో పెట్టండి.