సమస్యాపూరణం: ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

నిర్వాహకుడు (హన్మకొండ):
ఈ వారం సమస్య ఇదీ. ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు కట్టాలి.

ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

ప్రేమికుల రోజు వస్తోంది. 7న రోజ్ డే మొదలు 14 దాకా చౌరస్తా పూల దుకాణాల్లో బంతి, చామంతి వెనక్కు జరుగుతాయి. హోసూరు, బెంగళూరు వైపు నుంచి దిగిన పొడుగు కాడల ఎర్ర గులాబీ కట్టలు ముందుకొస్తాయి. ఫంక్షన్ హాలు గుమ్మానికి గులాబీలు కడుతున్న పిల్లవాడి వేలు చూశాక ఈ పాదం తట్టింది. గుచ్చింది ఎవరో, గుచ్చుకున్నది ఎవరికో మీ ఇష్టం. నియమం ఒక్కటే: పద్యంలో గులాబీ కనిపించాలి.

కాజీపేట సారు:
బోణీ నాది.

ఇంటి నిండ గులాబుల నింపు గూర్చ
కాడ ముండ్లను దీయుచు గాంతుడుండె
రక్త మొలికిన వేలిని రమణి పట్టె
ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

రామప్ప గట్టు:
సారు ధార గురించి చెప్పేదేముంది, నీళ్ళలా సాగింది. కానీ సమస్య వినగానే ఎవరికైనా మొదట తట్టే భావం ఇదే. వేలు, రక్తం, ముద్దు. మలుపు ఎక్కడ సారూ?

కాజీపేట సారు:
మలుపు మొదటి పాదంలోనే ఉంది, ఆగి చూడాలి. ‘నింపు’ దగ్గర ఇల్లు నిండుతుంది, ఇంపూ కలుగుతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదిరే జత, మాత్రం ‘ఇంపు’ అని విడదీస్తేనే నిలుస్తుంది. మీ పూరణ కోసం ఎదురు చూస్తున్నాను.

రామప్ప గట్టు:
ఇదిగోండి.

ఐదు పూవుల బాణాల నలసి మదను
డారవదిగ గులాబిని నందుకొనగ
రతియె నవ్వుచు దరిజేరె రాగమొప్ప
ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

అరవిందం, అశోకం, మామిడిపూత, నవమల్లిక, నల్లకలువ. మన్మథుడి అయిదు బాణాల్లో ఒక్కదానికీ గులాబీ లాంటి ముల్లు లేదు. లోకాన్నంతా గుచ్చినవాడికి ముల్లు నొప్పి తెలిసింది గులాబీతోనే.

భద్రకాళి చెరువుకట్ట:
అన్నా, అద్భుతం! సమస్యలో ‘గుచ్చిన వాడు’ అంటే రెండు అర్థాలు వస్తాయి కదా, ఈ పద్యంలో రెండూ ఒక్కడికే సరిపోయాయి. అందరినీ గుచ్చినవాడూ ఆయనే, ముల్లు గుచ్చుకున్నవాడూ ఆయనే. ఐ, అ యతి కూడా ముచ్చటగా పడింది.

కాజీపేట సారు:
పద్యం బాగుంది, కాదనను. ‘మదను/డారవదిగ’ అని పాదం దాటించడం కూడా చేయి తిరిగిన పని. ఒక్కటే సందేహం. మన్మథుడు అనంగుడు. శివుడి మూడో కంటికి ఒళ్ళంతా బూడిదైన వాడికి ముల్లు ఎక్కడ గుచ్చుకుంది?

రామప్ప గట్టు:
లోకానికి అనంగుడు, రతికి కాదు సారూ. ఆమె ఏడిస్తేనే కదా, ఆమె కంటికి మాత్రం కనిపించేలా శివుడు కరుణించాడని పెద్దలు చెబుతారు. అందుకే నా పద్యంలో దరిచేరింది రతి ఒక్కతే. మూడో మనిషిని పెట్టలేదు, చూసుకోండి.

కాజీపేట సారు:
సరే, ఒప్పుకున్నాను. సమాధానం పద్యమంత బాగుంది.

బమ్మెర వాకిలి:
నాది గులాబీ లేని పూరణ. నియమం తెలిసే రాశాను. ముల్లు మీద మనవాళ్ళు చెప్పిన గొప్ప భావాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు.

పారిజాతము కోసమై భామ యలిగి
తన్ని నంతనె శౌరికి దనువు పొంగె
పులక లెల్లను ముండ్లయి పొడువ నంఘ్రి
ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

మానేరు కుర్రాడు:
అక్కా, భావం మస్తుంది. సత్యభామ తన్నితే కృష్ణుడికి కోపం రాలేదు, తన పులకలు ముళ్ళై ఆమె పాదానికి గుచ్చుకున్నాయేమో అని బాధపడ్డాడు. చిన్నప్పుడు తెలుగు సారు ఈ ఘట్టం చెప్పినప్పుడు క్లాసంతా సైలెంట్ అయింది.

కాజీపేట సారు:
భావం పాతదే అయినా సమస్యకు అతికినట్టు కుదిరింది. కానీ నియమం నియమమే. గులాబీ లేదు. పారిజాతాన్ని గులాబీ అనుకోమంటే కుదరదు.

భద్రకాళి చెరువుకట్ట:
సారూ, ఈ పద్యం గులాబీకి దూరమేం కాదు. గ్రీకుల పురాణంలో ఆఫ్రొడైటీ అనే ప్రేమదేవత ఉంది. ప్రియుడు అడోనిస్ చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి పరుగెత్తుతుంటే తెల్ల గులాబీ ముల్లు ఆమె పాదంలో దిగింది. ఆ రక్తం తగిలాకే గులాబీ ఎర్రబడిందని కథ. ఎర్ర గులాబీ ప్రేమకు గుర్తు కావడానికి ఈ కథా ఒక మూలం. అక్కడా ఆడమనిషి పాదం, ముల్లు. ఇక్కడా అంతే. బమ్మెర అక్క తెలిసి రాసిందో, తెలియక రాసిందో కానీ, నాకు రెండు కథలూ పక్కపక్కన కనిపించాయి.

బమ్మెర వాకిలి:
ఆ గ్రీకు కథ ఇప్పుడే విన్నాను చెల్లీ. రెండింటికీ ఒక తేడా ఉంది. అక్కడ ముల్లు గుచ్చింది పువ్వు. ఇక్కడ ప్రియుడి ఒళ్ళే ముల్లయింది. అందుకే నాకు మనదే ఎక్కువ నచ్చుతుంది.

నిర్వాహకుడు (హన్మకొండ):
బమ్మెర వారి పద్యాన్ని పోటీ బయట ఉంచుతున్నాను, తీసేయను. వాలంటైన్ రోజుకూ ప్రేమకూ ముడి వేసింది 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ అని చాలామంది పండితుల మాట. ఆ రోజున పక్షులు జత వెతుక్కుంటాయని ఆయన కవిత కట్టాడు. అక్కడా ముడి వేసింది కవే కాబట్టి మనం పద్యాలతో పండగ చేసుకోవడంలో తప్పేం లేదు.

మానేరు కుర్రాడు:
నాదీ ఒకటి. ఈసారి ఇంట్లో గులాబీల డెకరేషన్‌ని బతుకమ్మలా సిబ్బిలో, అంటే పళ్ళెంలో, పేర్చాలని ఉంది.

సిబ్బిలోన గులాబీలు చెలువ పేర్చ
బతుకమ్మ వోలెను వలయాల బడుచు మగడు
కాడ లందించు తొందర గాయ మాయె
ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

రామప్ప గట్టు:
తమ్మీ, రెండో పాదం మొదటి గణం చూసుకో. తేటగీతి పాదం సూర్యగణమనే పొట్టి గణంతో మొదలవ్వాలి. ‘బతుకమ్మ’ సలగణం, అంటే పొడుగు ఇంద్రగణాల్లో ఒకటి. సూర్యగణం ఉండాల్సిన చోట ఇంద్రగణాన్ని కూర్చోబెట్టావు. చెవికే తెలియాలి ఇది.

కాజీపేట సారు:
కుర్రాణ్ణి అంత గట్టిగా అనకండి. పోయిన దసరాకు ఇక్కడే సద్దుల బతుకమ్మ సమస్య ఇచ్చినప్పుడు, పాదం మొదట్లో ‘తంగేడు’ పెట్టింది ఎవరు? అది తగణం, అదీ ఇంద్రగణమే. ‘పసిడి తంగేడు’ అని సర్దింది నేను.

రామప్ప గట్టు:
ఆ పద్యాన్ని అదే రోజు దిద్దాను సారూ. మీరు ‘పసిడి’ ఇచ్చారు, నేను ‘విరిసె’ వేసుకున్నాను. పసిడి రంగు అన్నాక మళ్ళీ తంగేడు పసుపు అని చెప్పడం నాకు దండగ అనిపించింది. ఇప్పటికీ నా పాఠమే మేలు.

కాజీపేట సారు:
దాని సంగతి దసరాకు చూద్దాం. తమ్మీ, ఇలా మార్చుకో:

వరుస బతుకమ్మ వోలెను బడుచు మగడు

వలయాలు పోయినా వరుస వచ్చింది. బతుకమ్మ పేర్చేటప్పుడు అసలు ప్రాణం వరుసే. ఇంకో మాట. ‘సిబ్బి’తో మొదలుపెట్టి ‘చెలువ’తో యతి వేశావు, సంతోషం. ఆ మాట పద్యంలో చూసి ఎన్నాళ్ళయిందో.

భద్రకాళి చెరువుకట్ట:
తమ్మీ, పద్యం సరే, నిజంగా పేర్చేటప్పుడు జాగ్రత్త. బతుకమ్మలో పేర్చే గునుగు పూల కాడలు సన్నం. కట్టలు కట్టి, సమంగా కోసి, చివరలకు రంగులద్దితే వరుస నిలుస్తుంది. గులాబీ తల బరువు. కాడ పొట్టిగా కోసి ఒకదాన్నొకటి ఆనించకపోతే పక్కకు ఒరుగుతుంది. ముళ్ళని కత్తితో గీకొద్దు. కాడ తోలు లేస్తే నీళ్ళు సరిగా ఎక్కక పువ్వు తొందరగా తల వాల్చేస్తుంది. బొటనవేలితో ముల్లును పక్కకు నొక్కితే టక్కున ఊడుతుంది. అది పైతోలు మీద మొలిచిందే, కట్టెలోంచి వచ్చింది కాదు. నీళ్ళలో మునిగే ఆకులు తీసెయ్. పైన ఉన్న ముళ్ళు నాలుగు ఉంటే ఉండనీ.

బమ్మెర వాకిలి:
పసుపు గులాబీలు కూడా కలుపు నాయనా. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పువ్వుకో అర్థం, రంగుకో అర్థం చెప్పుకునేవారు. అప్పట్లో పసుపు గులాబీ అంటే అసూయ. ఇప్పుడు స్నేహమంటున్నారు. మనకు ఆ లెక్కే అక్కర్లేదు. పసుపు ముద్దతోనే గౌరమ్మను చేసుకునే వాళ్ళం.

భద్రకాళి చెరువుకట్ట:
నా పూరణ. గులాబీలు ఇచ్చేవాళ్ళ గురించీ తీసుకునేవాళ్ళ గురించీ అందరూ రాశారు. అమ్మేవాళ్ళను ఎవరూ తలవలేదు.

అవ్వ యమ్ము గులాబీల నన్ని చెక్కి
కట్ట గట్టిన మనుమని కరము జూచి
ఊది యూరడించుచు నక్కు నొత్తికొనగ
ముల్లు గుచ్చిన వానికే ముద్దు దక్కె

కాజీపేట సారు:
అమ్మా, రెండు పాదాల మధ్య ‘జూచి, ఊది’ అని విసంధి వచ్చింది, అచ్చులు సంధి లేకుండా విడిగా నిలిచాయి. ‘యూది’ అనండి. యడాగమం, అంటే మధ్యలో ‘య’, వచ్చినా అచ్చు యతికి ఇబ్బంది లేదు. ఊ, ఒ మైత్రి అలాగే ఉంటుంది.

రామప్ప గట్టు:
యడాగమం సంగతి సారు చూసుకున్నారు. నేను పద్యం సంగతి చెబుతాను. ప్రేమికుల రోజు సమస్యలో ప్రేమికులే లేకుండా ముద్దు పెట్టించింది చెల్లె. మేమంతా ‘ముద్దు’ అనగానే జంట కోసం వెతికాం. ఈ పద్యంలో అవ్వ మనుమడి చేతిని ‘ఊదింది’. ఆ ఒక్క క్రియ నా అయిదు బాణాల కంటే గట్టిగా తగిలింది. కత్తితో గీకొద్దని కుర్రాడికి చెప్పి, తన పద్యంలో ‘చెక్కి’ అన్నది ఒక్కటే నాకు అడ్డం. ‘నన్ని గిల్లి’ అంటే గణం చెడదు, గోటి పనీ కనిపిస్తుంది.

భద్రకాళి చెరువుకట్ట:
‘గిల్లి’ అంటే తుంచినట్టు ఉంటుంది అన్నా. దుకాణంలో పని తొందర. వందల కాడలు గోటితో ఎవరు తీస్తారు? కత్తితో చెక్కుతారు కాబట్టే పిల్లవాడి చేయి అలా అయింది. ‘చెక్కి’నే ఉంచుతాను. సారు చెప్పిన ‘యూది’ మాత్రం తీసుకుంటాను.

కాజీపేట సారు:
ఈ విషయంలో నేనూ చెల్లె వైపే. ‘చెక్కి’లోనే పని బరువు ఉంది.

నిర్వాహకుడు (హన్మకొండ):
మొదటి స్థానం ‘అవ్వ’ పద్యానికి, రెండోది మన్మథుడికి. సారు పద్యం ఎప్పటిలాగే ధారకు. కుర్రాడు దిద్దిన పద్యాన్ని మళ్ళీ పూర్తిగా పెట్టాలి. పేర్చాక ఫొటో కూడా పెట్టు తమ్మీ, ఎర్ర గులాబీల వరుస సిబ్బి మీద ఎలా నిలుస్తుందో అందరం చూస్తాం. వచ్చే వారం కంద పద్యం ఇస్తాను. రామప్ప గట్టు, కాజీపేట సారూ, ప్రాస చూసి రాయండి, ముందే చెబుతున్నాను.