చిన్నమెదడు స్ట్రోక్ తర్వాత తూలుడు: కసరత్తు ఎంతవరకు పెంచవచ్చు?

నాన్నగారికి 64 ఏళ్లు. ఏడు వారాల కిందట చిన్నమెదడు ఎడమవైపు చిన్న స్ట్రోక్ వచ్చింది. మొదటి రోజు సీటీలో ఏమీ కనపడలేదు (అక్కడి చిన్న స్ట్రోక్‌లు సీటీకి తరచూ దొరకవు), మూడో రోజు ఎంఆర్‌ఐలో బయటపడింది. అంతకుముందు చెవి సమస్యనుకుని రెండుసార్లు ఎప్లీ (తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే చికిత్స) చేశారు, ఫలితం లేదు. తలతిరుగుడు, వాంతులు తగ్గించే ప్రోక్లోర్‌పెరజిన్ మందు ఐదో రోజే ఆపించారు, ఎక్కువకాలం వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందని. తలతిరుగుడుకే ఇచ్చే మరో మందు బీటాహిస్టిన్ 16 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, నాలుగు వారాలు వాడినా తేడా లేదు.

కూర్చుంటే బాగానే ఉంటారు. నడుస్తూ తల తిప్పితే ఎడమకు తూలతారు, 20 సెకన్లపాటు నేల ఊగుతుందంటారు. కొత్తగా తలనొప్పి, రెండుగా కనపడటం, మాట తడబాటు లేవు. ఉంటే ఇక్కడ అడగం, నేరుగా ఆసుపత్రికే.

చూపు ఒక గుర్తు మీద నిలిపి తల అటూఇటూ తిప్పే కసరత్తు నిమిషం చొప్పున రోజుకు ఐదుసార్లు చేయిస్తున్నాం. రెండు నిమిషాలకు పెంచితే మర్నాడంతా తూలుడే.

తూలుడు ఎంతసేపట్లో తగ్గితే కసరత్తు పెంచవచ్చని మీ ఫిజియో చెప్పారు?