డిగ్రీ పిల్లలకి అబార్షన్ చట్టం మీద క్లాసులో చర్చ పెట్టొచ్చా?

సివిక్స్ సార్, కర్నూలు:
డిగ్రీ రెండో ఏడాది వాళ్లకి రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) చెప్తున్నాను, అందులో భాగంగా అబార్షన్ హక్కు మీద ఒక గంట చర్చ పెడదామనుకుంటే స్టాఫ్ రూమ్‌లో సగం మంది "ఎందుకు సార్ లేనిపోని గొడవ" అన్నారు. నాకైతే పెట్టాలనే ఉంది. అమెరికాలో అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుని 2022 జూన్‌లో కొట్టేశారని రీల్స్ చూసి మా పిల్లలందరికీ తెలుసు. మరి మన దగ్గర చట్టం ఏమంటుందంటే "ఇండియాలో అబార్షన్ నేరం కదా సార్, స్కానింగ్ సెంటర్లో బోర్డు ఉంటుందిగా" అంటారు. ఆ బోర్డు లింగనిర్ధారణ గురించి, అది 1994 చట్టం. అబార్షన్‌కి 1971 నుంచే వేరే చట్టం ఉంది. ఈ రెండూ కలిపేసుకున్న అమ్మాయి రేపు అవసరం పడితే డాక్టర్ దగ్గరికి వెళ్లదు, ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో మాత్రలు తెప్పించుకుంటుంది. నా భయం అదే.

ఇద్దరాడపిల్లల తండ్రి:
చట్టం చెప్పండి సార్, ఎవరూ కాదనరు. చర్చ మాత్రం వద్దు. అటు కొందరు ఇటు కొందరు నిలబడి ఒకరు "హత్య" అని, ఇంకొకరు "నా శరీరం నా ఇష్టం" అని అరుచుకుంటారు, ఆ క్లాసులోనే ఎవరో ఒకమ్మాయి ఇంట్లో ఆ కష్టం జరిగే ఉంటుంది, ఆ పిల్ల తలొంచుకుని అవన్నీ వినాలి. ఇంకో మాట. మాది చర్చికి వెళ్లే కుటుంబం, కడుపులో పడ్డప్పటి నుంచీ అది ప్రాణమేనని నమ్ముతాం. మా అమ్మాయి లేచి ఆ మాట అంటే చాదస్తం అని నవ్వరని గ్యారంటీ ఇవ్వగలరా?

స్టాఫ్ నర్సు, ప్రభుత్వాసుపత్రి:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ వార్డులో మేం చూసేది వేరు. అయిదో నెలలో టిఫా స్కాన్ తీస్తారు, బిడ్డకి గుండెలోనో వెన్నులోనో పెద్ద లోపం ఉందని అప్పుడే తెలుస్తుంది, అప్పటికే 20 వారాలు దగ్గర పడుంటాయి. పాత చట్టంలో గడువు అక్కడితో ఆఖరు, ఆ తర్వాత కోర్టుకి పోవాల్సిందే. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 24 వరకు ఇద్దరు ఉండాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, వికలాంగులు లాంటి కొందరికే. బిడ్డకి తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే వారాల లెక్క లేదు. ఇవి తెలియక ఎంతమంది రోజులు పోగొట్టుకుంటారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇంకొకటి, 18 నిండిన ఆడమనిషికి తన సంతకం చాలు. ఫారం-సి అని ఒక్క పేజీ సమ్మతి పత్రం, అందులో భర్త సంతకానికి చోటే లేదు. అయినా "మీ ఆయన్ని తీసుకురామ్మా" అని వెనక్కి పంపే వాళ్లున్నారు. మైనర్ అయితే గార్డియన్ రాసివ్వాలి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కూడా వస్తుంది. ఇదంతా చదువుకునే వయసులో చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తారు?

లా స్టూడెంట్, హైదరాబాద్:
చర్చ వద్దనే మాట నేను ఒప్పుకోను, చట్టంలోనే చర్చ ఉంది కాబట్టి. మన దగ్గర అబార్షన్ ఆడవాళ్ల హక్కని చట్టంలో ఎక్కడా రాసిలేదు. అది ఇప్పటికీ నేరమే, పాత శిక్షాస్మృతిలో 312వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 88వ సెక్షన్. 1971 చట్టం ఆ నేరానికి ఇచ్చిన మినహాయింపు, నిర్ణయం డాక్టర్ చేతిలో పెట్టింది. మరోపక్క సుప్రీంకోర్టు 2009లోనే బిడ్డని కనాలా వద్దా అన్నది 21వ అధికరణం కిందకి వస్తుందంది, 2022 సెప్టెంబర్ 29న పెళ్లికాని వాళ్లకీ 24 వారాల వెసులుబాటు ఉందని చెప్పింది. సార్ 2023 అక్టోబర్ కేసు తీసుకోవాలి. ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత డిప్రెషన్, పాలిస్తోంది కాబట్టి గర్భం వచ్చినట్టే తెలియలేదు, తెలిసేసరికి గడువు దాటింది. 26 వారాల ఆ గర్భం విషయంలో జస్టిస్ హిమా కోహ్లీ (అంతకుముందు తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్) ఒప్పుకోలేనన్నారు, జస్టిస్ నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు జడ్జీల బెంచ్ కుదరదంది. ఇద్దరు మహిళా జడ్జీలే చెరో మాట చెప్పిన కేసు చదివాక మీ అమ్మాయిని చూసి ఎవరూ నవ్వరు అంకుల్.

డాలస్ నుంచి:
ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చే మన పిల్లలకి కూడా ఇది కావాలి. టెక్సాస్‌లో ఇప్పుడు దాదాపు పూర్తి నిషేధం. రాష్ట్రం దాటితే చట్టం మారిపోతుందని వచ్చిన చాలామందికి తెలియదు.

ఇద్దరాడపిల్లల తండ్రి:
తీర్పు మీద అంటే సరే. చేతులెత్తించి ఓటింగ్ పెట్టొద్దు, ఎవరినీ నీ నమ్మకం ఏంటని అడగొద్దు. తల్లిదండ్రులకి ముందే ఒక లెటర్ పంపండి.

సివిక్స్ సార్, కర్నూలు:
మొదటి రెండూ తప్పకుండా. లెటర్ పంపను అన్నా. వాళ్లకి 18 నిండాయి, ఆ ఫారం మీద సొంతంగా సంతకం పెట్టగలిగిన వాళ్లకి పాఠం వినడానికి ఇంట్లో అనుమతి అడగడం నాకు సరిగా అనిపించడం లేదు. పిల్లలకే ముందురోజు చెప్తాను, ఇబ్బందనుకున్న వాళ్లు రాకపోయినా హాజరు వేస్తాను. నర్సమ్మ గారూ, ఖాళీ ఫారం-సి ఒకటి ఫొటో తీసి పెట్టగలరా?